తప్పు వైపు

మా రేవులో దాన్ని స్వీడన్ తాళంచెవి అంటారు.
సరుకు దించడానికొచ్చే స్పెయిన్ నావికులు
ఇంగ్లీషు తాళంచెవి అంటారు.
దవడ ఊగే వస్తువుకు
ఎవరూ సొంత ఊరి పేరు పెట్టుకోరు.

ఐవిన్ కుడిచేతి మెటికల మీద
నాలుగు మచ్చలు.
ఏ పడవ ఏది పెట్టిందో చెప్పగలడు:
ఇది మరెన్ పడవ నీళ్ళ పంపు,
ఇది ఉత్తరపు కొంగ గేరుబాక్సు,
ఈ లోతైనది పెళ్ళికి ముందురోజుది,
ఉంగరం వాపు దాటి ఎక్కలేదు,
పాస్టరు కూడా నవ్వాడు.

నేనతని దగ్గర పని నేర్చుకునే రోజుల్లో
అందరూ అతనికే బుద్ధి చెప్పేవాళ్ళు.
కదిలే దవడ వైపుకే తిప్పాలి,
రెండోవైపు తిప్పితే జారుతుంది,
పనిబడిలో మొదటి వారం పాఠం అది.
నేనూ చెప్పాను ఒకసారి
పందొమ్మిదేళ్ళ తెలివితో.
తోలు లేచిన మెటిక నోట్లో పెట్టుకుని
"ఊఁ" అన్నాడు.

తర్వాత నేనే షెడ్డు పెట్టాను,
ఊగని పానా చేస్తానని.
మొదటిదానికి మరచుట్టు వెనక చిన్న స్ప్రింగు.
బల్ల మీద బంగారం.
ఒక్క చలికాలం ఉప్పుగాలికి
పెట్టిన చోటే సమాధి అయింది.
రెండోది సందు లేకుండా
అద్దంలా అరగదీసిన దవడ.
ఒక్క ఇసుకరేణువు పడగానే
ముసలి గాడిదలా మొరాయించింది.
మూడోదానికి బొటనవేలి తాళం.
ఉన్ని తొడుగు వేసుకున్న వేలికి
ఆ మీట ఎక్కడుందో తెలిస్తేగా!
నాలుగోదాని సంగతి అడక్కండి.

కదలాలంటే వదులుండాలి,
పట్టాలంటే ఉండకూడదు.
రెంటికీ మధ్య వెంట్రుకమందం చోటు.
ఆ వెంట్రుక కోసం ఆరేళ్ళు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
టార్చి పట్టడానికి మనిషి లేక
ఐవిన్ నన్ను మరెన్ ఇంజను గదిలోకి దింపాడు.
గదా అది? ఇనుప పేగు.
ఎడమభుజం డీజిలు ట్యాంకుకి,
కుడి మోచెయ్యి పడవ పక్కటెముకకి.
నేనొకసారి తిప్పి చూస్తానన్నాను.
పాఠంలో చెప్పినట్టే పెట్టాను.
పిడి వెళ్ళి పైపుకు తగిలింది,
గోరంత కూడా కదల్లేదు.
పానా బోర్లించి పెట్టాను,
తప్పు వైపు.
కదిలింది.

చోటున్నది తప్పు వైపే.

ముప్పైయేళ్ళుగా అతను
చోటున్న వైపు లాగుతున్నాడు.
బల్ల దగ్గర గీతలు గీసుకునే మేము
మా బల్ల చుట్టూ ఉన్నంత ఖాళీ
లోకమంతా ఉంటుందనుకున్నాం.

తెల్లవారకముందే షెడ్డు తెరిచాను.
దవడ జారే గాడిని
నిటారుగా కాకుండా కాస్త వాలుగా కోశాను,
ఎటు లాగినా ఆ లాగుడే
దవడను నట్టు మీదికి నెట్టేలా.
వదిలేస్తే మళ్ళీ వదులు,
ఉప్పూ ఇసుకా రాలిపోయేంత.
తల వెనక లావు చెక్కేశాను,
వేళ్ళకి కూడా కొంచెం చోటు కావాలిగా.

చేతికిస్తే బరువు చూశాడు, వాసన చూశాడు.
"పిడి మరీ నున్నగా ఉంది
నూనెచేతిలో నిలవదు" అన్నాడు.
అని, దిగాడు.

పైన డెక్కు మీద చెవులు రిక్కించి నిలబడ్డాను.
పానా జారితే ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు:
టక్, ఒక తిట్టు, ఆ పైన చాలాసేపు ఏమీ లేదు.
గోడకి నీళ్ళు తట్టుకుంటున్నాయి.
ఎవరో దూరంగా మంచుపెట్టెలు ఈడుస్తున్నారు.
టక్ రాలేదు.
తిట్టు మాత్రం వచ్చింది,
టార్చి బ్యాటరీ గురించి.

పైకొచ్చి పానాను జేబులో వేసుకున్నాడు.
డబ్బులంటే, పిడి గరుకు చేశాక చూద్దామన్నాడు.
పాతదాన్ని పారెయ్యలేదు,
పెయింటు డబ్బాల మూతలు లేపుతోంది అది.

ఇవాళ పిడికి గాట్లు పెడుతున్నాను.
ఆకురాయి జారి
చూపుడువేలి మెటిక మీద తోలు లేచింది.
నోట్లో పెట్టుకున్నాను.
ఊఁ.